డాక్టర్ జాకిర్ హుసేన్ మర్హూం - చందా పైసా, సర్కారు గ్రాంటు

ఈ సావనీరు కొరకు ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాయుమని కార్యవర్గం వారు మాకు పని అప్పజెప్పినారు. ఎవరి గురించి వ్రాయవలెనని రెండు మూడు రోజులు ఆలోచన చేసినాము. అదే వారంలో సొసైటీ మీటింగు జరిగినది. సర్కారు గ్రాంటుకు దరఖాస్తు పెట్టవలెనా వద్దా అనే మాట వచ్చి, చాయ చల్లారిపోయేదాక వాదన నడిచినది. సర్కారు పైసా తీసుకుంటే పగ్గాలు మన చేతిలో ఉండవని పెద్దలు కొందరు అన్నారు. మనము కట్టిన పన్నుల పైసలే గదా, విడిచిపెట్టుడు ఎందుకని యువకులు అన్నారు. ఇద్దరి మాటలోను నిజమున్నది. అప్పుడు మాకు డాక్టర్ జాకిర్ హుసేన్ మర్హూం గారు యాదికి వచ్చినారు. సర్కారు గ్రాంటు వద్దని కాలేజీ విడిచి బయటికి వచ్చినవారిలో వారొకరు. వారు ప్రాణం పెట్టి నిలబెట్టిన సంస్థే స్వాతంత్ర్యం తరువాత సర్కారు గ్రాంటు తీసుకొన్నది. ఈ రెండు పనులలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని మేము అనుకొనుట లేదు. రెండూ ఒప్పే. ఎట్లనో చెప్పుటకే ఈ వ్యాసము.

చాలామంది జాకిర్ హుసేన్ గారిని ఉత్తరాదివారనే అనుకుంటరు. వారు పుట్టినది మన హైద్రాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8వ తేదీన. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ గారు ఉత్తరాదిలోని ఖాయంగంజ్ నుండి వచ్చి హైద్రాబాదులో వకాలతు చేసి మంచి పేరు సంపాదించినారు. 1907లో ఆయన చనిపోయేనాటికి జాకిర్ గారికి పదేండ్లు. కుటుంబము ఖాయంగంజ్‌కు తిరిగిపోయినది. పిల్లవానిని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్పించినారు. 1911లో ప్లేగు వచ్చి తల్లిని గూడ తీసుకపోయినది. తల్లిదండ్రుల నీడ లేకుండ హాస్టలులో పెరిగిన పిల్లవాడు ఆ మీదట అలీగఢ్‌కు పోయి మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీలో చేరినాడు.

1920లో దేశమంతట ఖిలాఫత్ ఉద్యమము, సహాయ నిరాకరణ ఉద్యమము ఒక్కటై నడుస్తున్నవి. అక్టోబరు మాసంలో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చినారు. ఆంగ్లేయుల సర్కారు ఇచ్చే గ్రాంటును వదులుకొమ్మని కాలేజీ వారిని అడిగినారు. ట్రస్టీలు ఒప్పుకొనలేదు. అప్పుడు జాకిర్ గారు ఎం.ఏ. చదువుతూ అక్కడనే కొంత పాఠం గూడ చెప్పుచుండిరి. ముందర మంచి నౌకరీ కనబడుతున్నది. అయినా కొందరు విద్యార్థులతో, అధ్యాపకులతో కలిసి బయటికి వచ్చేసినారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియాకు పునాది పడినది. మౌలానా మహమూద్ హసన్ గారు ప్రారంభం చేసినారు. హకీం అజ్మల్ ఖాన్ గారు మొదటి ఛాన్సలరు, మౌలానా ముహమ్మద్ అలీ గారు మొదటి వైస్ ఛాన్సలరు. బిల్డింగు లేదు, కొన్నాళ్ళు డేరాలలో చదువు నడిచినది.

ఇక్కడ ఒక విషయము గమనించవలెను. వాళ్ళు గ్రాంటు వద్దన్నది పైసా మీద కోపముతో గాదు. ఆ పైసా ఇచ్చే సర్కారు ప్రజలది గాదు. దానిని ఎన్నుకొన్నది మనము గాదు, దింపే హక్కు గూడ మనకు లేదు. అట్లాంటి చేతి నుండి తీసుకుంటే రేపు ఏమి చదివించవలెనో గూడ ఆ చేయే చెప్తది. అందుకే వద్దన్నారు.

వద్దనుడు సులువు, నడుపుడు కష్టము. మొదట జామియాకు ఖిలాఫత్ కమిటీ నుండి పైసలు వచ్చేవి. 1922లో సహాయ నిరాకరణ ఆగిపోయినది. 1924లో టర్కీ వాళ్ళు ఖిలాఫత్‌నే రద్దు చేసినారు. కమిటీ పడిపోయినది, దానితో పైసలు గూడ నిలిచిపోయినవి. ఒక్క చేతి మీదనే ఆధారపడ్డ సంస్థకు ఆ చేయి ముడుచుకుంటే ఏమైతదో జామియా నాలుగేండ్లలోనే చూసినది. సంస్థను మూసివేయుదమని గూడ మాట వచ్చినది. హకీం అజ్మల్ ఖాన్ గారు మూయనీయలేదు. 1925లో దాన్ని ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తెచ్చి, తన వైద్యం సంపాదన నుండి ఖర్చు పెట్టి నడిపినారు. అవసరమైతే తాను భిక్షమెత్తి అయినా సహాయం చేస్తానని గాంధీజీ వారికి ధైర్యం చెప్పినారు.

ఆ సమయములో జాకిర్ గారు జర్మనీలో ఉన్నారు. 1922లో అక్కడికి పోయి బెర్లిన్ యూనివర్సిటీలో ఆర్థిక శాస్త్రం చదివి డాక్టరేటు పొందినారు. జామియా మూతపడుతదట అనే కబురు అక్కడికి చేరినది. జాకిర్ గారు, వారి స్నేహితులు ఆబిద్ హుసేన్ గారు, ముహమ్మద్ ముజీబ్ గారు, ముగ్గురు మాట్లాడుకొని, తాము వచ్చి జామియాలో పనిచేస్తామని కబురు పంపినారు. 1926లో తిరిగివచ్చినారు. ఇరవై తొమ్మిదేండ్ల వయసులో జాకిర్ గారు షేఖుల్ జామియా, అనగా వైస్ ఛాన్సలరు అయినారు. 1948 దాక ఆ బరువు మోసినారు.

1927 చివర హకీం సాబ్ ఇంతెఖాల్ చేసినారు. ఖజానాలో ఏమీ లేదు, మీద అప్పు ఉన్నది. 1928లో జాకిర్ గారు, మరికొందరు అధ్యాపకులు ఒక అంజుమన్ కట్టి ప్రమాణము చేసినారు. ఇరవై ఏండ్లు జామియాను విడిచిపోరాదు, నెలకు 150 రూపాయలకు మించి జీతము తీసుకోరాదు. ఆ 150 గూడ పై హద్దే తప్ప చేతికి వచ్చిన సొమ్ము గాదు. చేతికి వచ్చినది దానికంటె చాల తక్కువ, అది గూడ ఎన్నో నెలలు ఆలస్యముగ. జర్మనీలో డాక్టరేటు చేసివచ్చిన మనిషి కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి ఇల్లు నడిపినాడంటే, ఒకటో తారీఖున జీతం అందుకొనే మావంటి టీచర్లు కొంచెం ఆలోచించవలెను.

అయితే త్యాగము ఒక్కటే సంస్థను నడపదు. జాకిర్ గారు ఆ సంగతి తెలిసినవారు. పెద్ద షావుకార్లు, నవాబులు ఇచ్చే సొమ్ము మీదనే ఉంటే వాళ్ళ మర్జీ మీద ఉండవలసి వస్తదని, చిన్న చిన్న మనుషుల నుండి కొద్ది కొద్దిగా చందా కూర్చే పని మొదలుపెట్టినారు. దానికి హందర్దానె జామియా అని పేరు. షఫీఖుర్ రహ్మాన్ ఖిద్వాయి గారు ఆ పని నెత్తిన వేసుకొని ఊరూరు తిరిగినారు. చిన్న గుమాస్తాలు, టీచర్లు, దుకాణదారులు సభ్యులైనారు. పెద్దవాళ్ళ సహాయం గూడ తీసుకొన్నారు, కాదనలేదు. మన హైద్రాబాదు సంస్థానం నుండి గూడ జామియాకు సహాయం అందినది. కాని ఆంగ్లేయుల సర్కారు గ్రాంటు జోలికి మాత్రం పోలేదు. 1935లో ఓఖ్లాలో కొత్త బిల్డింగుకు పునాది రాయి వేసే రోజు వచ్చినది. నవాబుల చేత, మంత్రుల చేత వేయించలేదు. బడిలో అందరికంటె చిన్న పిల్లవాని చేత వేయించినారు. సంస్థ ఎవరిదో చెప్పుటకు ఇంతకంటె మంచి తరీఖా మాకు తెలియదు.

వారి గురించి ఒక ముచ్చట చాలామంది చెప్పుకుంటరు. పిల్లలు మాసిన బూట్లతో బడికి వస్తున్నారని, ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒకరోజు షేఖుల్ జామియా గారే గేటు దగ్గర బ్రష్షు, పాలిష్ పట్టుకొని కూర్చున్నారట. మరునాటి నుండి ఎవరికీ చెప్పవలసిన పని పడలేదట. 1937లో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ పెట్టి, చేతి పనితో చదువు నేర్పే బేసిక్ విద్య పథకం తయారు చేసే కమిటీకి జాకిర్ గారినే అధ్యక్షునిగా చేసినారు.

1946 నవంబరులో జామియా సిల్వర్ జూబ్లీ జరిగినది. బయట మత కల్లోలాలు. లోపల ఒకే వేదిక మీద నెహ్రూ, మౌలానా ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ గార్లను కూర్చోబెట్టినారు. ఆ రోజులలో అట్లా పిలిచి కూర్చోబెట్టగలిగినవారు మరొకరు లేరు. ఏ పార్టీకీ తాకట్టు పడని సంస్థ గనుకనే అది సాధ్యమైనది. మరుసటి సంవత్సరం దేశ విభజన అల్లర్లలో జలంధర్ రైల్వే స్టేషనులో జాకిర్ గారి ప్రాణం మీదికే వచ్చినది. ఒక సిక్కు మిలిటరీ అధికారి, ఒక హిందూ రైల్వే అధికారి అడ్డుపడి వారిని కాపాడినారు. కరోల్‌బాగ్‌లోని జామియా ఆస్తి, పుస్తకాలు లూటీలో పోయినవి. అయినా వారు ఈ దేశం విడిచిపోలేదు.

స్వాతంత్ర్యం వచ్చినది. ఇప్పుడు సర్కారు మనది. గ్రాంటు వద్దనుటకు ఉన్న కారణము తొలగిపోయినది. జామియా మన సర్కారు గ్రాంటు తీసుకొన్నది. 1962లో యూనివర్సిటీతో సమానమైన హోదా, 1988లో పార్లమెంటు చట్టముతో కేంద్రీయ విశ్వవిద్యాలయం హోదా పొందినది. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగము 30వ అధికరణం గూడ ఇదే చెప్తున్నది. అల్పసంఖ్యాకులు తమకు ఇష్టమైన విద్యా సంస్థలు పెట్టుకొని నడుపుకొనవచ్చును. సహాయం ఇచ్చే చోట, ఫలానా సంస్థ అల్పసంఖ్యాకులది అనే కారణముతో సర్కారు వివక్ష చూపరాదు. అంటే గ్రాంటు ఖైరాత్ గాదు, హక్కు అడుగుట.

1948 చివర జాకిర్ గారు అలీగఢ్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలరు అయినారు. విభజన తరువాత ఆ యూనివర్సిటీ మీద అందరి అనుమానం. తాను ఒకనాడు విడిచి వచ్చిన చోటికే పోయి 1956 దాక నిలబెట్టినారు. అదే కాలములో అంజుమన్ తరఖ్ఖీయె ఉర్దూ అధ్యక్షులుగా, ఉత్తర ప్రదేశ్‌లో ఉర్దూకు ప్రాంతీయ భాష హోదా ఇవ్వవలెనని 20 లక్షలకు పైగా సంతకాలు కూడబెట్టి, 1954లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారికి సమర్పించినారు. సర్కారు గ్రాంటు పుచ్చుకొనే సంస్థలకు పెద్దగా ఉండి, సర్కారును అడుగవలసినది అడుగుట మానలేదు. నోరు మూసుకొనుట గ్రాంటు షరతు గాదని చూపినారు.

తరువాత బీహారు గవర్నరుగా, 1962లో ఉప రాష్ట్రపతిగా పనిచేసి 1963లో భారత రత్న పొందినారు. 1967 మే 13న రాష్ట్రపతి అయినారు. ఆ ఎన్నికలో వారికి ఎదురు నిలిచినవారు మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. 1969 మే 3న పదవిలో ఉండగనే జాకిర్ గారు ఇంతెఖాల్ చేసినారు. ఖబర్ జామియా ఆవరణలోనే ఉన్నది. రాష్ట్రపతి భవన్ నుండి బడికే తిరిగి పోయినారు.

ఇక మన ముచ్చటకు వస్తాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ 2016 దాక ఒక్క కరీంనగర్ జిల్లాలోనివే. ఇప్పుడు మొదటి రెండు ఒక జిల్లా, మూడవది మరొక జిల్లా. కాని సొసైటీల కష్టము అన్నిచోట్ల ఒక్కటే. పాత సొసైటీలు 1350 ఫసలీ చట్టము కింద రిజిష్టరు అయినవి. 2001లో కొత్త చట్టము వచ్చినది. గ్రాంటు కావలెనంటే రిజిష్ట్రేషను, బైలా, మీటింగు తీర్మానము, బ్యాంకు ఖాతా, ఆడిటు కాయిదాలు చూపవలెను. మొదటి కిస్తు ఖర్చు చేసి, దేనికి ఖర్చైనదో సర్టిఫికెట్ పెట్టితే తప్ప రెండవ కిస్తు రాదు. మేము చూసిన ఒక ఊరిలో మొదటి కిస్తుతో గోడలు లేసినవి. సర్కారు ఇస్తున్నది గదా అని జనం చందా ఆపినారు. లెక్క సరిగ పెట్టక రెండవ కిస్తు ఆగినది. కప్పు పడలేదు. తప్పు ఆ సొసైటీది, ఏ ఆఫీసుది గాదు.

గ్రాంటు ఎప్పటికీ ఉంటదని గూడ లేదు. చదువు సంస్థలకు సహాయం చేయుటకు 1989లో కేంద్ర సర్కారు పెట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషనును మూసివేయుమని 2024లో ఉత్తర్వు వచ్చినది. ఖిలాఫత్ కమిటీ పడిపోయిననాడు జామియా నేర్చుకొన్న పాఠము ఇదే.

కావున మా విన్నపము ఇది. దరఖాస్తు తప్పక పెట్టుదము, తలవంచి గాదు, హక్కుగా. కాని కోరుట్లలో బీడీలు చుట్టే అక్క ఇచ్చే పది రూపాయలు, సిరిసిల్లలో సాంచా నడిపే అన్న ఇచ్చే ఇరవై రూపాయలు ఏ నెలకానెల వసూలు చేయుట ఆపవద్దు. రసీదు ఇచ్చుదము. జుమా నమాజు తరువాత లెక్క అందరికీ చదివి వినిపించుదము. సర్కారు పైసలతో గోడలు కట్టుదము, పిల్లల ఫీజులు, టీచరు జీతము మాత్రం మన చందా మీదనే ఉంచుదము. అప్పుడు గ్రాంటు వస్తే సంస్థ పెరుగుతది, ఆగితే ఆగనీ, సంస్థ మాత్రం ఆగదు.

అల్లాహ్ త'ఆలా జాకిర్ హుసేన్ మర్హూం గారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మన సొసైటీ లెక్కల పుస్తకమును, మన దిల్లును సాఫ్‌గ ఉంచుగాక. ఆమీన్.