సిద్ధేంద్ర యోగి: ద్వారకను పల్లెకు దెచ్చిన పుణ్యపురుషుడు

మహాపురుషుల చరిత్రములు రెండు విధములుగా నిలిచియుండును. కొందరి చరిత్రము రాతిమీది శాసనములయందును, రాగి రేకులయందును నిలుచును. మరికొందరి చరిత్రము జనుల నోళ్లయందు నిలుచును. సిద్ధేంద్ర యోగి చరిత్రము ఈ రెండవ తెగకు చెందినది. ఆయన కథను మనకు చెప్పినవి గ్రంథములకంటె ఎక్కువగా కూచిపూడి భాగవతుల కుటుంబములే. తాతలు మనుమలకు చెప్పగా, ఆ మనుమలు తాతలై తమ మనుమలకు చెప్పగా, ఆ కథ మనదాక వచ్చినది. పెద్దలు చెప్పుకొను ఆ కథనే మేమిచ్చట మన విద్యార్థులకొరకును, వారి తల్లిదండ్రులకొరకును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆంధ్రప్రదేశమున కృష్ణాజిల్లాలో, మొవ్వకు చేరువగా కూచిపూడి అను చిన్న గ్రామము కలదు. అచ్చటి బ్రాహ్మణ కుటుంబములవారు తరతరములుగా నాట్యమును, గానమును, శాస్త్రమును కలిపి అభ్యసించి, ఊరూర భాగవత కథలను ఆడి చూపుచుండెడివారు. అందుచేతనే వారికి భాగవతులను పేరు వచ్చినది. సిద్ధేంద్రునకు పూర్వమే వారి కీర్తి దూరదేశములకు ప్రాకియుండెను. సిద్ధవటము ప్రాంతమున సమ్మెట గురవరాజు ప్రజలను పీడించుచుండగా, ఈ భాగవతులు విజయనగర ప్రభువు నెదుట ఆ పీడనను వేషము గట్టి చూపిరనియు, దానిని చూచి ప్రభువు విషయము గ్రహించి ఆ దుర్మార్గుని దండించెననియు మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది. ఇది 1502 ప్రాంతపు మాట. నోటితో చెప్ప భయపడిన దానిని వేషముతో చెప్పవచ్చునని ఆ నాటికే మనవారు ఎరిగియుండిరి.

అట్టి సీమలో 17వ శతాబ్దమున సిద్ధేంద్రుడు జీవించెనని పెద్దల వాడుక. చిన్ననాటి పేరు సిద్ధప్ప. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయిన ఆ పిల్లవానిని పరులు దయతో పెంచిరి. ఆ కాలపు ఆచారము ననుసరించి పసితనముననే వివాహమును జరిపించిరి. ఆ పిమ్మట అతడు విద్యకై ఉడుపి వెళ్లి, వేదశాస్త్రములను, సంగీత సాహిత్యములను నేర్చి, యౌవనమున తిరిగి వచ్చెను.

అప్పుడు అత్తవారి యింటికి రమ్మని పిలుపు వచ్చినది. అత్తవారి యూరు కృష్ణానదికి ఆవలి యొడ్డున నుండెను. సిద్ధప్ప బయలుదేరి నది దాటుచుండగా వరద పొంగెను. నడి యేట సుడిలో జిక్కి, ప్రాణముమీద ఆశ వదలుకొనిన సమయమున, తాను బ్రదికి బయటపడినచో సన్న్యసించి శేషజీవితమును శ్రీకృష్ణునకే సమర్పింతునని సంకల్పించెను. ప్రాణాపాయ సమయమున ఈ విధముగా స్వీకరించు సన్న్యాసమునకు ఆపత్సన్న్యాసమని పేరు. దైవకృపచే వరద తగ్గినది. సిద్ధప్ప ఒడ్డు చేరెను. అత్తవారి గడపలో అడుగు పెట్టినవాడు అల్లుడు కాడు, సన్న్యాసి. నాటినుండి ఆయన సిద్ధేంద్ర యోగి యయ్యెను.

ఇచ్చట మనము ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ యింట భర్త రాకకై అలంకరించుకొని కూర్చున్న బాలిక యొకతె కలదు. నది ఆయనను విడిచిపెట్టినది, ఆయన ఆమెను విడిచిపెట్టెను. ఇచ్చిన మాట తప్పరానిదే. కాని ఆ మాటకు మూల్యము చెల్లించినది ఆయన యొక్కడే కాదు. కథ చెప్పువారు ఆ బాలికను గూర్చి అంతగా పలుకరు. ఐనను, తరువాత సిద్ధేంద్రుడు రచించిన కావ్యమున ఆద్యంతము వినవచ్చునది భర్త రాకకై ఎదురుచూచు స్త్రీ వేదనయే. ఆ బాలిక నిట్టూర్పు ఆ యోగి చెవిని ఎన్నడును వీడలేదేమో యని మాకు తోచును.

శ్రీకృష్ణలీలాతరంగిణిని రచించిన నారాయణతీర్థులు సిద్ధేంద్రునకు గురువని కూచిపూడివారి నమ్మిక. ఆ తీర్థులు తెలుగువారై యుండియు తంజావూరు సీమలోని వరహూరున నివసించి కీర్తి గాంచినవారు. తమిళదేశమున నుండు తెలుగువారమగు మనము ఈ సంబంధమును మరువరాదు.

సన్న్యాసి యైన సిద్ధేంద్రుడు ఏమి చేసెను? అడవులకు పోలేదు, గుహలో కూర్చుండలేదు. ఆయన మనస్సు ద్వారకకు పోయినది. పశ్చిమ సముద్రతీరమున విశ్వకర్మ నిర్మించెనని పురాణములు వర్ణించు ఆ నగరము మన కవులకు ఎంతయో ప్రియమైనది. శ్రీకృష్ణదేవరాయల యాస్థానమున నంది తిమ్మన పారిజాతాపహరణమును వ్రాసి, ఆ నగరపు మేడలను, ఆ మేడలలోని అలుకలను తెలుగువారి యిండ్లలోనికి తెచ్చెను. నారదుడు తెచ్చిన పారిజాతపుష్పమును కృష్ణుడు రుక్మిణి కిచ్చుట, అది విని సత్యభామ కోపించుట, తుదకు కృష్ణుడు దేవలోకమునుండి చెట్టునే తెచ్చి యిచ్చుట మన పాఠశాల పిల్లలందరు ఎరిగిన కథయే. చదువుకొన్నవారికి ద్వారక అప్పటికే తెలుగు నగరమై పోయినది. ఐతే అది చదువరుల నగరము. తాటాకు విప్పి చదువగలవానికే దాని తలుపులు తెరచుకొనును. సిద్ధేంద్రుడు ఆ తలుపులను అందరికిని తెరవ సంకల్పించి భామాకలాపమును రచించెను.

ఈ కలాపమున కథ బహు స్వల్పము. ఒకనాడు సత్యాకృష్ణులు అద్దమున తమ ముఖములను చూచుకొనుచుండగా, ఇద్దరిలో ఎవరు సుందరులను ప్రశ్న వచ్చును. సత్యభామ తానే యని గర్వముతో పలుకును. కృష్ణుడు అలిగి వెడలిపోవును. తరువాత నుండునదంతయు ఆమె పశ్చాత్తాపము, విరహము, చెలికత్తె మాధవితో సంభాషణము, కృష్ణునకు లేఖ వ్రాయుట, సవతి కయ్యము, తుదకు కలయిక. సత్యభామ జీవాత్మ యనియు, కృష్ణుడు పరమాత్మ యనియు, వారి నడుమ నడచు మాధవి గురువువంటిదనియు పెద్దలు అర్థము చెప్పుదురు.

దానిని ఆడు తీరు మిక్కిలి విశేషమైనది. ఊరి నడుమ ఆరుబయట ఆట జరుగును. మేడలు లేవు, చిత్రించిన తెరలు లేవు. ఇద్దరు మనుష్యులు ఒక తెరను పట్టుకొందురు. కాగడాల వెలుగుపై గుగ్గిలము చల్లగా మంట భగ్గుమనును. ఆ వెలుగులో సత్యభామ జడ తెరపైనుండి జారి ప్రేక్షకులకు కానవచ్చును. ఆ జడపై సూర్యచంద్రులు, నక్షత్రములు, ఆదిశేషుడు మున్నగు ఆకృతులు గలవు. విశ్వమంతయు ఆ జడలో నున్నదని దాని భావము. శాస్త్రమున గాని, నాట్యమున గాని తనను గెలువగల పండితుడు సభలో నున్నచో వచ్చి ఆ జడను కోయవచ్చునని అది సవాలు. ఓడినచో వేషధారి మరల ఆ వేషము కట్టరాదు. కావున సత్యభామ వేషము ధరించువాడు అలంకారముతోపాటు విద్యనుగూడ ధరించి రావలసినదే.

తెర తొలగగా ప్రవేశదరువు మొదలగును. పాత్ర తానెవరో, ఎవరి కూతురో, ఎవరి ఇల్లాలో పాడి, ఆడి, స్వయముగా చెప్పుకొనును. ఆ తరువాత మాధవి ఆమెను ప్రశ్నలతో వేధించును. భర్త పేరు చెప్పనిదే వెదకుటెట్లని మాధవి, ఇల్లాలు భర్త పేరు పలుకుటెట్లని సత్యభామ. కృష్ణుని తోడ్కొని వచ్చుటకు ముక్కెర బహుమానముగా కావలెనని మాధవి, అది యిచ్చుటెట్లని సత్యభామ. ఈ సంభాషణములలో నటుడు పాఠమును వల్లించుటతో సరిపుచ్చడు. సభ నెరిగి, సమయ మెరిగి, మాటకు మాట పేర్చును. మాధవి వేషధారియే కృష్ణుని యొద్ద మాధవుడగును, కథను నడుపు సూత్రధారియు అతడే. ఇట్లు ముగ్గురు నలుగురు మనుష్యులు, ఒక మద్దెల, ఒక జత తాళములు చాలును. తెల్లవారు లోపల ఆ పల్లెలో ఒక మహానగరము వెలయును. చూచువారు ద్వారకా పౌరులగుదురు.

కల్పనానగరమున ప్రవేశించి తలకొక పాత్ర ధరించి ఆడుట నేడు పడమటి దేశములలో పెద్ద వినోదమైనది. అమెరికా రచయిత ఫ్రిట్జ్ లైబరు తన మిత్రుడు హ్యారీ ఫిషరుతో గూడి లాంక్‌మార్ అను అద్భుత నగరమును ఊహించెను. ఆ వీరుల కథలు 1939 నుండి అచ్చయినవి. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను పాత్రధారణ క్రీడ వెలువడినది. 1985లో లాంక్‌మార్ నగరమే ఆ క్రీడకు రంగస్థలముగా పుస్తకరూపమున వచ్చినది. ఆటగాండ్రు బల్లచుట్టు కూర్చుండి, ఆ నగరపు వీధులలో దొంగలుగా, వీరులుగా, మాంత్రికులుగా మాటలతోనే సంచరింతురు. కథలోని నగరము చదివినవానిది మాత్రమే కాక ఆడినవానిది కూడ కావలెనను కోరిక అన్ని దేశములవారికిని ఉన్నదని దీనివలన తెలియును. ఐతే వారి ఆటకు వినోదమే పరమార్థము. సిద్ధేంద్రుని ఆటకు వినోదముతోపాటు భక్తియు, విద్యయు పరమార్థములు.

గ్రంథము వ్రాసినంత మాత్రమున పని తీరదని ఆ యోగి ఎరుగును. వ్రాసిన ఆటను ఆడువారు లేనిచో అది తాటాకుల కట్టయే గదా. కావున ఆయన కూచిపూడి బ్రాహ్మణ కుటుంబముల పిల్లలను చేరదీసి స్వయముగా శిక్షణ మొసగెను. ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి మగవాడును జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని పెద్దలచేత ప్రమాణము చేయించెను. ఎంత తెలివైన నియమమో చూడుడు. గొప్ప నటుడే కట్టవలెనని ఆయన అనలేదు. గొంతు బాగుగా లేనివాడును, కాలు చక్కగా కదలనివాడును ఒక్కసారి కట్టవలసినదే. అందుచేత ఊరిలో ఆ పాటలు రాని ఇల్లు లేకపోయెను. కళ ఒకని సొత్తు గాక ఊరి సొత్తయ్యెను.

కొంతకాలమునకు గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా, 1672 నుండి 1687 వరకు ఏలినవాడు, ఆ ప్రాంతమునకు వచ్చి వారి ఆట చూచి మెచ్చి, కూచిపూడిని భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని చెప్పుదురు. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్లవారు ఆ సంప్రదాయమును నిలిపిరి. మతము వేరైనను, కళను గౌరవించిన ఆ ప్రభువును గూడ మనము స్మరింపవలెను.

సిద్ధేంద్రుని నియమము మగవారికే పరిమితమై యుండెను. ఆ కాలపు కట్టుబాటు అట్టిది. 20వ శతాబ్దమున ఆ కట్టు సడలినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు విద్య నేర్పెను. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందరో బాలికలను నర్తకీమణులుగా తీర్చెను. మరియొక వైపు, సత్యభామ వేషముననే ప్రసిద్ధుడైన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ బిరుదము లభించినది. నియమము మారినది గాని నిష్ఠ నిలిచినది.

ఈ కథ మన నాట్రంపల్లి పిల్లలకు ఏల? మన వేలూరు, తిరుపత్తూరు సీమలలో ద్రౌపదీదేవి కోవెలల కడ భారతకూత్తు ఆడునప్పుడు ఊరి బయలు కురుక్షేత్రమగుటను, మట్టితో చేసిన దుర్యోధనుడు నేలపై పడియుండుటను మీలో అనేకులు చూచియుందురు. అది తమిళమున జరుగు కళ, మనకును ఆప్తమైన కళ. తంజావూరుజిల్లాలోని మెలట్టూరున మరియొక వింత కలదు. నాయకరాజుల కాలమున అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములవారు నేటికిని ఏటేట నరసింహజయంతినాడు తెలుగు భాగవతమేళ నాటకములను ఆడుచున్నారు. 18వ శతాబ్దమున అచ్చట జన్మించిన వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము వానిలో ముఖ్యమైనది. చుట్టును తమిళము వినబడుచున్నను, ఆ రాత్రి ఆ వీధి తెలుగు వీధియే. భాషను నిలిపినది వారు వేసిన వేషము, ఏటేట తప్పని ఆ నియమము.

భాష ఇంట మాటాడినంత మాత్రమున నిలువదు. బడిలో పరీక్షకొరకు చదివినంత మాత్రమునను నిలువదు. పిల్లవాడు ఆ భాషలో ఒకరాత్రి రాజు కావలెను, ఒకరాత్రి భటుడు కావలెను, అలుగవలెను, వేడవలెను, నవ్వింపవలెను. అప్పుడే ఆ మాటలు నాలుకనుండి గుండెలోనికి దిగును. సిద్ధేంద్రుడు ఆ రహస్యమును ఎరిగిన ఉపాధ్యాయుడు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ పిల్లలు పాఠశాల వార్షికోత్సవమున వేషము కట్టెదమన్నచో చదువు చెడునని వారింపకుడు. పద్యమో, సంభాషణమో ఇంట కంఠస్థము చేయుచున్నప్పుడు దాపున కూర్చుండి వినుడు. మీకు వచ్చిన పాత పాట యొకటి వారికి నేర్పుడు. విద్యార్థులారా! మీలో ప్రతి యొక్కరును ఈ బడి విడిచిపోవు లోపల ఒక్కసారియైనను తెలుగులో ఒక పాత్ర ధరించెదమని నియమము పెట్టుకొనుడు. చక్కగా ఆడలేమని వెనుదీయకుడు. నది దాటిన ఆ యోగి కోరినది ఒక్కసారి మాత్రమే.