ఇల్లిచ్చిన మహర్షి

ప్రతి జాతికిని ఒక పుట్టినదినము కలదు. అమెరికనులు జూలై 4ను, ఫ్రెంచివారు జూలై 14ను పండుగగా జరుపుకొందురు. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించెను. దానికి పొట్టి శ్రీరాములుగారు ప్రాణము నర్పించిరని బడిపిల్లలందరు నెరుగుదురు. ఆ దీక్షకు తన యింట చోటిచ్చినవారు మన కడియము చెంతనున్న దుళ్ళ గ్రామమున జన్మించిరని యెరిగినవారు కొలదిమందియే.

వారు బులుసు సాంబమూర్తిగారు. 1886లో జన్మించి, కాకినాడలో న్యాయవాదిగా పేరు గడించి, సహాయనిరాకరణోద్యమమున ఆ వృత్తిని త్యజించిరి. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభలకై అహర్నిశలు శ్రమించిరి. ఆ దినములలోనే వారి యేకైక పుత్రుడు మరణించెను. తండ్రి దుఃఖమును దిగమ్రింగి సభల పనికే మరలెను. లోకము వారిని మహర్షి యనుట ఊరక కాదు.

1937లో రాజాజీ మదరాసు ప్రధానమంత్రి కాగా, సాంబమూర్తిగారు శాసనసభాధ్యక్షులైరి. 1942లో ఆ పదవిని వదలి ఉద్యమమున దిగిరి.

పది యేండ్లు గడచెను. రాజాజీ మరల ముఖ్యమంత్రి. 1952 అక్టోబరు 19న శ్రీరాములుగారు మదరాసు మైలాపూరులో సాంబమూర్తిగారి యింట నిరశన వ్రతమారంభించిరి. అతిథికి అన్నము పెట్టుట గృహస్థధర్మము. అన్నము ముట్టని అతిథి దినదినము క్షీణించుచుండగా 58 దినములు కన్నులార చూచుట ఆ వృద్ధునకు ఎంతటి పరీక్షయో! డిసెంబరు 15 రాత్రి ఆ దీపమారెను. ఆంధ్రదేశము భగ్గుమనెను, పోలీసు కాల్పులలో పలువురు నేలకొరిగిరి. డిసెంబరు 19న నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రమును ప్రకటించిరి.

కర్నూలు రాజధానిగా రాష్ట్రము వచ్చినది. కోరిన మదరాసు మాత్రము రాలేదు. రాష్ట్రమునకు పురిటిల్లయిన ఆ యిల్లు రాష్ట్రము వెలుపలనే మిగిలి, నేడు శ్రీరాములుగారి స్మారకభవనమై నిలిచియున్నది. సాంబమూర్తిగారు పేదరికముననే బ్రదికి 1958లో కాకినాడలో కన్నుమూసిరి.

ఉపాధ్యాయులారా, అమరజీవి పటమునకు కడియపు పూలదండ వేయునాడు, ఆయనకు నీడనిచ్చిన ఈ దుళ్ళ బిడ్డను గూర్చియు మీ విద్యార్థులకు ఒక మాట చెప్పుడు. ప్రాణమిచ్చినవానిని తలచుట ఋణము. ఇల్లిచ్చినవానిని మరచుట దోషము.