నూనె చుక్కలు లెక్కించిన బోధకుని కుమారుడు

మన ఇంట్లో బల్బును వెలిగించే విద్యుత్తు నీటిధారలా పారుతుందనుకుంటాం. నిజానికి అది గింజల లెక్క. ఏ వస్తువు మీదైనా విద్యుదావేశం ఒక గింజంత ఉండవచ్చు, రెండు గింజలంత ఉండవచ్చు. ఒకటిన్నర మాత్రం ఉండదు. దీన్ని కళ్లకు కట్టినట్టు చూపినవాడు ఒక పాస్టరుగారి అబ్బాయి, రాబర్ట్ మిల్లికన్.

1868లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి కాంగ్రిగేషనల్ సంఘ బోధకుడు. ఓబర్లిన్ కాలేజీలో గ్రీకు బాగా చదువుతున్నాడని, ఆ గ్రీకు ప్రొఫెసరే అతణ్ణి భౌతికశాస్త్ర పాఠాలు చెప్పమన్నాడు. (సెమినరీలో గ్రీకుతో కుస్తీ పట్టిన మాలో ఎవరికీ అలాంటి పిలుపు రాలేదు!)

1909లో షికాగో విశ్వవిద్యాలయంలో అసలు పని మొదలైంది. సెంటు చల్లే బుడ్డి లాంటి దానితో నూనెను తుంపరగా చల్లి, రెండు లోహపు పలకల మధ్యకు ఒక్క చుక్కను రానిచ్చేవారు. సూక్ష్మదర్శినిలో అది చిన్న నక్షత్రంలా మెరుస్తూ కిందికి జారేది. పలకలకు వేల వోల్టులు కలిపితే పైకి లేచేది. ఒకే చుక్కను గంటల తరబడి దించుతూ, లేపుతూ వేగం కొలిచారు. దాని మీది ఆవేశం మారినప్పుడల్లా వేగం కొద్దికొద్దిగా కాక మెట్లు మెట్లుగా మారింది. లెక్క కడితే ప్రతి ఆవేశమూ ఒకే చిన్న మొత్తానికి పూర్తి రెట్లే. గాలి జిగటతనం విలువలో ఉన్న పొరపాటు వల్ల ఆయన లెక్క నేటి విలువకు ఒక శాతంలోపు తగ్గింది, అంతే. 1923లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. 1913 వ్యాసంలో 58 చుక్కల లెక్క ఇచ్చి, అరవై రోజులపాటు వరుసగా పరిశీలించిన చుక్కలన్నీ ఇవేనని రాశాడు. ఆయన నోటు పుస్తకాల్లో ఇంకా ఎన్నో చుక్కలున్నాయి. వాటిని కలిపినా జవాబు పెద్దగా మారేది కాదని తర్వాత లెక్కగట్టినవారు తేల్చారు. జవాబు నిజమే, ఆ వాక్యం మాత్రం నిజం కాదు. బోధకుని ఇంట పెరిగినవాడు ఆ ఒక్క మాట ఎందుకు రాశాడో నాకు అర్థం కాదు.

నూనె చుక్కలతో పనిచేసిన విద్యార్థి హార్వీ ఫ్లెచర్ పేరు కూడా 1910 నాటి ముఖ్య వ్యాసంలో లేదు. డాక్టరేటు కోసం మరో వ్యాసాన్ని అతని ఒక్కడి పేరున వదిలి, దీన్ని మిల్లికన్ తన పేరునే ఉంచుకున్నాడు. ఫ్లెచర్ గురువుతో స్నేహం తెంచుకోలేదు. జరిగిందంతా రాసి, తాను పోయాకే అచ్చు వేయమన్నాడు. మిల్లికన్ 1953లో కన్నుమూశాడు. ఫ్లెచర్ రాసింది 1982లో వెలుగు చూసింది.