హాల్డేను మహాశయుడు

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండు దేశమందలి ఆక్సుఫర్డు నగరమున జన్మించెను. తండ్రి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను పరీక్షించుటలో ఉద్దండుడు. ఆయన బాలుడగు కుమారుని ఒక గనిలోనికి తోడ్కొనిపోయి, మండెడి వాయువు పేరుకొన్నచోట నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఒక ప్రసంగమును వల్లింపుమనెను. కొంతసేపటికి బాలుడు కాళ్లు తడబడి నేలపై బడెను. ఆ వాయువు తేలికయైనది గావున పైభాగముననే నిలుచును. క్రింద మంచిగాలి యుండుటచే బాలుడు తెప్పరిల్లెను. పాఠము చక్కగా వంటబట్టెను గాని, అట్టి బోధనకు నేడు ఏ తండ్రియు సాహసింపడు.

పిదప హాల్డేను చెల్లెలు నయోమితోను, మిత్రుడు స్ప్రంటుతోను గూడి చుండెలుకలను పెంచి, వాని రంగులు పిల్లలకెట్లు సంక్రమించునో లెక్కించెను. కొన్ని లక్షణములు జతగూడి వచ్చునని తేలెను. అంతలో ప్రథమ ప్రపంచ యుద్ధము వచ్చెను. స్ప్రంటు అందు మరణించెను. హాల్డేను సైన్యముననుండగనే, 1915లో వారి వ్యాసము వెలువడెను.

మధ్యధరా సముద్ర తీరమున థలసీమియా యను రక్తవ్యాధి కలదు. తల్లినుండియు తండ్రినుండియు దాని జన్యువును పొందిన శిశువులు ఆ కాలమున బాల్యముననే మరణించుచుండిరి. అట్లయిన ఆ జన్యువు తరతరమునకు క్షీణింపవలయును గదా! క్షీణింపలేదేల? ఒకరినుండి మాత్రమే దానిని పొందినవారి ఎఱ్ఱకణములు చిన్నవి. అందుచే మలేరియా క్రిములకు అవి లొంగకుండవచ్చునని హాల్డేను తలచెను. ఈ భావమును ఆయన 1948లో స్టాక్‌హోము సభయందు వెల్లడించెను. అప్పటికది ఊహ మాత్రమే. 1954లో ఆలిసన్ అను వైద్యుడు, కొడవలి కణముల జన్యువును ఒకరినుండి మాత్రమే పొందినవారికి మలేరియానుండి రక్షణ కలుగునని తూర్పు ఆఫ్రికాలో నిరూపించెను. మన మన్యప్రాంతపు గిరిజనులలోను ఆ జన్యువు కలదు. చలిజ్వరపు బాధయు అచ్చటనే హెచ్చు.

1948లోనే కాంగో దేశమున ఎలుకలకు సోకు మలేరియా క్రిమి యొకటి కనుగొనబడెను. నాటినుండి ప్రయోగశాలలలో చుండెలుకలపై పరీక్షలు సాగెను. ఒకే జాతి క్రిమిని ఎక్కించినను, ఒక వంశపు ఎలుకలు చచ్చుచుండగా వేఱొక వంశపువి కోలుకొనుచుండెను. వాని ఎఱ్ఱకణములలో పైరువేటు కైనేజు అను ఎంజైము లోపించుటయే కొన్నిట రక్షణకు కారణమని 2003లో తెలియవచ్చెను. లోపమే కవచమగునన్న హాల్డేను ఊహకు ఆయన బాల్యమిత్రములగు చుండెలుకలే సాక్ష్యమిచ్చెను.

1957లో ఆయన మహలనోబిసుగారి యాహ్వానముపై కలకత్తా వచ్చి, భారత గణాంక సంస్థయందు చేరెను. ధోవతి, కమీజు ధరించెను, మాంసాహారము మానెను, భారత పౌరుడాయెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన కచ్చట శిష్యుడై జన్యుశాస్త్రము నభ్యసించెను. 1962లో హాల్డేను భువనేశ్వరమునకు మారెను.

ఇతరులపై చేయజాలని ప్రయోగములను తన దేహముపైననే చేసికొనుట ఆయనకు పరిపాటి. రక్తములోని ఆమ్లగుణమును పెంచుటకై అమ్మోనియం క్లోరైడును త్రాగెను. నీటి లోతులలోని ఒత్తిడిని తెలిసికొనుటకై ఉక్కుగదిలో బంధితుడాయెను. తుదకు పుట్టకురుపు సోకి 1964 డిసెంబరు 1వ తేదీన మరణించెను. మరణానంతరము గూడ తన దేహము శాస్త్రమున కుపకరింపవలయునని ఆయన మరణశాసనమున వ్రాసియుంచెను. ఆ ప్రకారము అది వైద్యవిద్యార్థుల పఠనార్థమై కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చబడెను.