37 ఏళ్లకు మొదటి ప్రోగ్రామ్

రెండేళ్లు గ్యాప్ వస్తే చాలు, ఇక సాఫ్ట్‌వేర్‌లోకి రాలేమేమోనని మనలో చాలామందికి భయం. గ్రేస్ హాపర్ మొదటి ప్రోగ్రామ్ రాసేసరికి ఆమెకు 37 ఏళ్లు. కంప్యూటర్ సైన్స్ అనే డిగ్రీయే అప్పటికి పుట్టలేదు.

1906లో న్యూయార్క్‌లో పుట్టిన హాపర్ 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. వాసర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. లెక్కల క్లాసులోనే విద్యార్థులతో వ్యాసాలు రాయించి, భాషకు కూడా మార్కులు వేసేవారు. పిల్లలకు అది అస్సలు నచ్చేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నేవీలో చేరదామనుకుంటే వయసు ఎక్కువన్నారు. పైగా ఉండాల్సిన దానికన్నా దాదాపు ఏడు కిలోల బరువు తక్కువ. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని, కాలేజీకి సెలవు పెట్టి మరీ 1943 డిసెంబరులో చేరారు. 1944లో హార్వర్డ్‌లోని మార్క్ 1 దగ్గర పోస్టింగ్. 50 అడుగులకు పైగా పొడవున్న యంత్రం అది. కోర్సు లేదు, ట్యుటోరియల్ లేదు. సర్క్యూట్ బొమ్మలు ముందేసుకుని నేర్చుకోవాల్సిందే. తర్వాత దాని మాన్యువల్ రాసే పని కూడా ఆమె మీదే పడింది. 500 పేజీలు దాటిన పుస్తకం! వ్యాసాలు రాయించిన లెక్చరర్‌కి కాక ఇంకెవరికి ఇస్తారు?

యుద్ధం అయ్యాక వాసర్ ప్రొఫెసర్ పోస్టు ఇస్తామన్నా వెళ్లలేదు. హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దొరకలేదు. 1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ అనే చిన్న కంపెనీలో చేరారు. యూనివాక్ తయారుచేస్తున్న స్టార్టప్ అది, డబ్బుకు కటకటే. మరుసటి ఏడాదే రెమింగ్టన్ ర్యాండ్ దాన్ని కొనేసింది.

అసలు పని జరిగింది అక్కడే. అప్పట్లో ప్రోగ్రామర్లు పాత కోడ్ ముక్కల్ని నోటు పుస్తకాల్లోంచి చేత్తో ఎత్తి రాసుకునేవారు. ఒక్క అంకె తప్పినా రోజంతా పోయినట్టే. ఆ ముక్కలన్నిటికీ నంబర్లిచ్చి టేపు మీద పెడితే, కావాల్సినవి యంత్రమే వెతికి కలుపుకోవచ్చు కదా అనుకున్నారు హాపర్. అలా 1952లో వచ్చింది ఏ-0. ఆమె దాన్ని కంపైలర్ అన్నారు గానీ, ఇప్పటి లెక్కలో లింకర్‌కే దగ్గర. యంత్రం తనంతట తాను ప్రోగ్రామ్ తయారుచేయడమేంటని చాలామంది నమ్మలేదు. కొందరు ప్రోగ్రామర్లకైతే అసలు గిట్టలేదు. ఇప్పుడు ఏఐ కోడ్ రాస్తోందని మనం పడుతున్న కంగారు గుర్తొస్తోందా? కంపైలర్లు వచ్చాక ప్రోగ్రామర్లు తగ్గలేదు, పెరిగారు. ఏఐ విషయంలోనూ అలాగే అవుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ చేత్తో ఎత్తి రాయడమే తన నైపుణ్యం అనుకున్నవాడి పని మాత్రం అప్పుడే పోయింది.

తర్వాత మామూలు ఇంగ్లిష్ మాటలతో రాసే ఫ్లో-మ్యాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్‌కు అదే పునాది. కోబాల్‌ను తయారుచేసింది ఒక కమిటీ. హాపర్ ఒక్కరే కనిపెట్టారని రాసేవాళ్లు మిగతావాళ్లకు అన్యాయం చేస్తున్నట్టే. ఏడాదికి రెండంకెలే వాడిన పాత ప్రోగ్రాములు 2000 వస్తుంటే ఇబ్బంది పెట్టాయి. వాటిని సరిచేయడానికే 1990ల చివర్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కోబాల్ బ్యాచ్‌లతో నిండిపోయాయి. అలా నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లు మీ బంధువుల్లోనూ ఉండొచ్చు, అడిగి చూడండి. బ్యాంకుల్లో ఆ కోడ్ నేటికీ నడుస్తోంది.

నేవీ 1966లో ఆమెను రిటైర్ చేసింది. మరుసటి ఏడాది ఆరు నెలల పనికని వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు, మధ్యలో ఒక చిన్న విరామంతో, 1986 దాకా సాగాయి. 79 ఏళ్లకు రియర్ అడ్మిరల్‌గా దిగి, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో కన్సల్టెంట్‌గా చేరారు. 1992 జనవరి 1న చనిపోయేవరకూ ఆ కంపెనీ ఉద్యోగే. ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పట్టుకెళ్లి కుర్రాళ్లకు పంచేవారు. ఒక్క నానోసెకన్‌లో సిగ్నల్ అంతకుమించి వెళ్లలేదని చూపించడానికి.