శ్రీ రమణ మహర్షి జీవితమున సంగత్యాగ స్వరూపము

మధురలో 1896 ఆగస్టు 29వ తేదీన వేంకటరామన్ అను పదునారేండ్ల బాలుడు ఇల్లు వీడుచు వ్రాసి యుంచిన తమిళ లేఖ వైయాకరణులు గమనింపదగినది. ఉత్తమపురుషతో ఆరంభమైన ఆ లేఖలో రెండవ వాక్యమునకే వ్రాయువాడు తన్ను ఇది యని నిర్దేశించుకొనెను. సంతకముండవలసిన చోట గీత మాత్రమే కలదు. సుమారు ఆరు వారములకు పూర్వము కలిగిన మరణానుభవమున దేహము వేరు, తాను వేరని అతడెరిగి యుండెను. సర్వనామ భేదమునకు మూలమదియే కావలెను. అన్నగారి కళాశాల రుసుమునకై చేతికిచ్చిన అయిదు రూపాయలలో ప్రయాణమునకు మూడు గైకొని, రెండు లేఖతో నుంచెను.

మార్గమధ్యమున చెవిపోగులు కుదువబెట్టి కొంత సొమ్ము తీసికొని, ఆ చీటిని వెంటనే చింపివైచెను. సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి అరుణాచలేశ్వరుని దర్శించి, శిరోముండనము చేయించుకొని, శేషించిన సుమారు మూడున్నర రూపాయలను అయ్యంకుళమను కోనేట పారవైచి, ధోవతి చింపి కౌపీనము దాల్చి, యజ్ఞోపవీతమును విడిచెను.

వైరాగ్యకథనములు సాధారణముగా నిచ్చటనే ముగియును. కాని వస్తుత్యాగము సులభము. 1898లో తల్లి అళగమ్మ పవళక్కున్రునకు వచ్చి, ఇంటికి రమ్మని దినముల తరబడి విలపించెను. ఆయన పలుకలేదు. తుదకు ఒక భక్తుని ప్రార్థనపై, ప్రారబ్ధానుసారముగా జరుగవలసినది జరుగక మానదను భావమును వ్రాసి యిచ్చిరి. ఆమె ఒంటరిమనస్సుతో మరలెను. దీనిని కాఠిన్యమనువారు కలరు. అయితే 1907లో ఆయనకు రమణ మహర్షి యని పేరిడిన ఆంధ్రపండితుడు కావ్యకంఠ గణపతిముని గృహస్థుడు. ఆయనకు గాని, తమ్మాశ్రయించిన ఇతర గృహస్థులకు గాని ఇల్లు విడువుమని మహర్షి బోధింపలేదు. నేనను తలంపు పుట్టుచోటును వెదకుమనిరి.

1916లో ఆ తల్లియే వచ్చి కొండపై కుమారుని చెంత నివసించెను. 1922 మే 19న ఆమె అవసానదశలో మహర్షి పగలంతయు ప్రక్కనే కూర్చుండి, ఒక చేయి హృదయముపై, ఒక చేయి శిరస్సుపై నుంచి, రాత్రి ప్రాణము శమించువరకు కదలలేదు. 1898 నాటి మౌనమునకు ఇది ప్రాయశ్చిత్తము కాదు, విరుద్ధమును కాదు. నాడు ఆమె కోరినది గడచిన సంసారమును. నేడు ఎదుటనున్నది ఆమె. కొండ దిగువనున్న ఆమె సమాధి చెంతకు ఆ సంవత్సరాంతమున మహర్షి దిగివచ్చి అచటనే యుండిపోయిరి. రమణాశ్రమమునకు అదియే పునాది.

అచట ఆయన తెల్లవారుజామున వంటశాలలో కూరలు తరిగెడివారు. రూపాయలను కోనేట పారవైచిన వారే నేలపై రాలిన గింజను ఏరి దాచెడివారు. 1949లో ఎడమచేతి వ్రణమునకు నాలుగు శస్త్రచికిత్సలు జరిగినను దర్శనమునకు వచ్చువారిని ఆపనీయలేదు. 1950 ఏప్రిల్ 14న, దేహము చాలించిన ఆ సాయంకాలము కూడ జనులు వరుసగా దర్శించి పోయిరి.