రాళ్లేరిన మేరీ

మేరీ ఆనింగ్‌ది ఇంగ్లాండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊరు. తండ్రి వడ్రంగి; కొండచరియల్లో శిలాజాలేరి, వచ్చేపోయేవాళ్లకు అమ్మేవాడు. 1810లో ఆయన అప్పులు మిగిల్చి పోయాక ఆ రాళ్లే ఇంటికి తిండి పెట్టాయి. మరుసటేడు అన్నకు ఓ పెద్ద పుర్రె దొరికితే, మిగతా ఎముకలను 1812లో మేరీ వెతికి పట్టుకుంది. ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్రజీవి అది! అప్పటికామెది మన ఇళ్లల్లో పరికిణీలు కట్టే వయసు.

1823లో పొడుగు మెడ ప్లీసియోసారస్‌ను పూర్తిగా బయటికి తీసింది. మరుసటేడు లండన్ జియలాజికల్ సొసైటీలో పెద్దమనుషులు దాన్ని గురించి ప్రసంగించారు. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు. నాకు ఒళ్లు మండేదిక్కడే. వంట ఒకరిది, పేరు ఇంకొకరిది!

1833లో చరియ విరిగిపడి, వెంట ఉన్న కుక్క ట్రే చచ్చిపోయినా రాళ్ల వేట మానలేదు. 1847లో రొమ్ము కాన్సర్‌తో కన్నుమూసింది. ఆ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో.